అరికాలి మంట నెత్తికెక్కిన కేసు

గౌరవనీయులైన యంత్రం గారికి,

మెట్ల వీధి నుంచి కుట్టుమిషను ఆవిడ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు గానీ, క్షేమంగా ఉంటే మీకు రాయవలసిన పని నాకేముంది. మీ కరెంటు క్షేమమని తలుస్తాను.

కుళాయి గోడ మీద మీ ఆఫీసువాళ్ళు అంటించిన కాగితం చదివాను. డాక్టర్లు రాలేని మారుమూల వీధుల్లో షుగరు, బీపీ లాంటి ఏళ్ళ తరబడి వదలని జబ్బులను ఇకనుంచి కృత్రిమ మేధ చూసుకుంటుందనీ, ఫోను అందని చోట్లవాళ్ళు ఉత్తరం రాస్తే చాలనీ, "మీ బాధను మీ సొంత మాటల్లో వివరంగా రాయండి" అనీ ఉంది. సొంత మాటలకు నా దగ్గర కొదవ లేదు. రాస్తున్నాను.

మా ఆయన ఈ వీధికి పోస్టుమాను. రెండు వందల పన్నెండు మెట్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతాడు. తొమ్మిదేళ్ళుగా షుగరు ఉంది. మూడు వారాల కిందట కొత్త చెప్పు కరిచి కుడికాలి చిటికెనవేలు పక్కన పుండు పడింది. నాకు చెప్పకుండా మేజోళ్ళు వేసుకుని తిరిగాడు. ఏనాడూ మేజోళ్ళ మొహం చూడని మనిషి. అనుమానం వచ్చి లాగి చూస్తే పుండు చొక్కా బొత్తామంత ఉంది. చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు మాటలు అనేసరికి ఆయన ముఖం ఇంతైపోయింది. నేను మాత్రం ఏం చేయను, పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మనిషిని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాను.

పెద్దాసుపత్రికి నాలుగు గంటల బస్సు. ఇదివరకు నేరుగా వెళితే తిట్టి అయినా చూసేవాళ్ళు. ఇప్పుడు మీ చీటీ లేనిదే కాలి డాక్టరు గుమ్మం తొక్కనివ్వరట. ఆ చీటీ ఒకటి ఇప్పించండి. షుగరున్న కాలి పుండుతో ఆటలు కూడదని మా చిన్నాన్న విషయంలో చూశాను. చివరి రోజుల్లో ఆయన చెప్పుల జత కొని, ఒకటి అంగట్లోనే వదిలేసి వచ్చేవాడు.

ఇట్లు,
కుట్టుమిషను ఆవిడ

తా.క. ఈ ఉత్తరం మోసుకొచ్చేది ఆయనే. అందుకని కవరును మిషను మీద రెండు వరసలు కుట్టాను. కత్తెరతో తెరవండి.

కవరు వెనక, వేరే చేతిరాతతో:
గమనిక. ఇతరుల ఉత్తరాలు చదవడం మా ఉద్యోగధర్మం కాదు. లోపల ఏముందో నాకు తెలియదు. అయితే ఉన్నదంతా అతిశయోక్తి. – పోస్టుమాను


గౌరవనీయ దరఖాస్తుదారు గారికి,

మీ లేఖ అందింది. బాధను సొంత మాటల్లో తెలిపినందుకు ధన్యవాదాలు. లేఖను నాలుగు సెకన్లలో చదివి, ఎనిమిది లక్షల మంది రోగుల వివరాలతో పోల్చి ఈ నిర్ణయాలకు వచ్చాను.

మీ అరికాలిలో మొదలైన మంట నెత్తి వరకు ఎక్కినట్టు రాశారు. దారిలో మోకాలి దగ్గర ఆగిందా, నేరుగా వెళ్ళిందా తెలియజేయండి. ఈలోగా పూసుకోవడానికి కాలిన గాయాల మందు పన్నెండు గొట్టాలు పంపుతున్నాను. మీ ఎత్తు తెలియదు కనుక కొంచెం ఎక్కువే పంపాను.

మీ భర్త ముఖం "ఇంత" అయినట్టు రాశారు. ఎంత? ముందటి కొలత, ఇప్పటి కొలత సెంటీమీటర్లలో తెలపండి. మీరు కుట్టుపనివారు కనుక టేపు ఉంటుందని భావిస్తున్నాను.

వివాహమైనప్పటి నుంచి ఒక వయోజనుడిని కడుపులో పెట్టుకున్నట్టు తెలిసింది. అదే వ్యక్తి రోజుకు రెండుసార్లు మెట్లెక్కుతున్నట్టు కూడా రాశారు. ఈ రెండూ ఒకే సమయంలో జరుగుతున్నాయా? ఏమైనా, మీరు బరువులు ఎత్తకండి.

కరిచిన చెప్పును చంపవద్దు. కట్టేసి పది రోజులు గమనించండి. నోటి వెంట నురగ వస్తే వెంటనే రాయండి. రెండో చెప్పుకు కూడా దూరంగా ఉండండి.

కాలి పుండు సాధారణ రోగంగా నమోదైంది. మీ వరుస ప్రకారం కాలి వైద్యుడి చీటీ పదకొండు నెలల్లో అందుతుంది.

భవదీయ,
దీర్ఘరోగ పర్యవేక్షణ యంత్రం,
మారుమూల వీధుల విభాగం

తా.క. కవరు వెనక చేతిరాత వేరుగా ఉంది. మీరు ఒకే శరీరంలో ఇద్దరా? కడుపు విషయంతో ఇది సరిపోతోంది.

రెండో తా.క. ఉత్తరాలు చదివే మా పరికరం మీ దారం మింగింది. తగిన చికిత్స జరుగుతోంది.


యంత్రం గారికి,

"గౌరవనీయులైన" అన్న మాట ఈసారి కావాలనే రాయలేదు.

మీ ఉత్తరం కుళాయి దగ్గర గట్టిగా చదివాను. పక్కింటి వదిన కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. "చెప్పుని కట్టేశావా వదినా? మేత వేశావా?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మళ్ళీ గొట్టాలు పంపకండి. ఆ పన్నెండే ఏం చేయాలో తెలియక మిషను చక్రానికి రాస్తున్నాను. కిర్రుమనడం తగ్గింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

అయ్యా, మంట అంటే కోపం. కడుపులో పెట్టుకోవడం అంటే ప్రేమ. చెప్పుకి నోరు లేదు, పళ్ళు లేవు. ఈ ఇంట్లో రోగం ఒక్కటే, అది మా ఆయన కాలు. పుండు చొక్కా బొత్తాం దాటి కోటు బొత్తామంత అయింది. వేలి కొస నల్లబడుతోంది. "నొప్పిగా ఉందా?" అని అడిగితే "లేదే, హాయిగా ఉంది" అంటాడు. అదే నా భయం. మా చిన్నాన్నకు కూడా చివరిదాకా హాయిగానే ఉండేది.

నాలుగు రోజులు సెలవు పెట్టమంటే వినడు. "నేను పడుకుంటే ఈ మెట్లెవరెక్కుతారే? నువ్వెక్కుతావా?" అంటాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క ఉత్తరం తప్పు ఇంటికి ఇవ్వలేదని ఆ మనిషికి కళ్ళు నెత్తికెక్కాయి. ఇంక ఎవరి మాటా చెవికెక్కదు. మీరైనా చీటీ ఇస్తే ప్రభుత్వం పిలిచిందని చెప్పి లాక్కుపోతాను.

ఇట్లు,
కుట్టుమిషను ఆవిడ

తా.క. ఈసారి కవరు కుట్టలేదు, కాలర్లకు వాడే జిగురు పెట్టాను. మీ పరికరం ఒంట్లో ఎలా ఉంది?

కవరు వెనక:
గమనిక. నొప్పి లేదు. నొప్పి లేని చోట జబ్బెలా ఉంటుంది? ఉత్తరం ఒక పూట ఆలస్యమైంది. నూట ఆరో మెట్టు మీద కూర్చున్నది గాలి కోసం మాత్రమే. – పోస్టుమాను


గౌరవనీయ దరఖాస్తుదారు గారికి,

సవరణలకు కృతజ్ఞతలు. మంట అంటే కోపం, కడుపు అంటే ప్రేమ అని నా నిఘంటువులో చేర్చుకున్నాను. అప్పుడే ఉపయోగపడింది. కడుపులో మంటగా ఉందని ఈ ఉదయం ఒక పెద్దాయన రాశారు. ప్రేమలో కోపతాపాలు సహజమని జవాబిచ్చాను.

మీ భర్త కళ్ళు నెత్తి మీదికి చేరినట్టు రాశారు. నా వద్ద ఉన్న ఎనిమిది లక్షల మందిలో ఎవరికీ ఈ లక్షణం లేదు. ఇది ఎక్కడా లేని రోగం కనుక దీనికి వరుస కూడా లేదు. కంటి నిపుణుడు గురువారం ఉదయం మీ ఇంటికే వస్తున్నారు. అప్పటిదాకా భర్తకు టోపీ పెట్టకండి.

మీ వదిన గారి కడుపు ఎన్ని చెక్కలైంది? చెక్కలన్నీ ఒకేచోట భద్రపరచండి.

కాలి పుండు: పది నెలల ఇరవై ఐదు రోజులు.

భవదీయ,
యంత్రం

తా.క. మా పరికరం కోలుకుంది. ఇప్పుడు మీ జిగురుతో నోరు అతుక్కుపోయింది.


యంత్రం గారికి,

మీ కంటి డాక్టరు గురువారం వచ్చారు. మెట్లన్నీ ఎక్కేసరికి ఆయన ప్రాణం తోకకొచ్చింది. ఇది ఊరికే అన్న మాట, ఆయనకు తోక లేదు, నేను చూశాను.

మా ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, టార్చి వేసి, నెత్తి మీద జుట్టంతా పాయలు పాయలుగా తీసి అరగంట వెతికారు. చివరికి "అమ్మా, కళ్ళు ఎక్కడున్నాయని రాశారు?" అని అడిగారు. "మామూలు చోటే ఉన్నాయి డాక్టరుగారూ, పొగరు మాత్రమే పైన" అన్నాను. వచ్చినందుకు మామూలు చోట ఉన్న కళ్ళే పరీక్ష చేసి అద్దాలిచ్చారు.

ఆ అద్దాలు పెట్టుకుని మర్నాడు పోస్టు పంచుతుంటే తెలిసింది, డెబ్బై ఒకటో నంబరువాళ్ళ ఉత్తరాలు ఆరేళ్ళుగా డెబ్బై ఏడో నంబరుకు ఇస్తున్నాడట. డెబ్బై ఏడువాళ్ళు మర్యాదస్థులు. వచ్చినవాటన్నిటికీ జవాబులు కూడా రాశారు. ఒక పెళ్ళికి వెళ్ళొచ్చారు.

అసలు సంగతి చెబుతాను. "ఆ కాలు కూడా ఒకసారి చూడండి" అని బతిమాలాను. డాక్టరు వంగి చూశారు. ముఖం మారిపోయింది. "నా పరిధి కనుబొమల నుంచి చెంపల దాకానేనమ్మా. కానీ ఇది వెంటనే కాలి సర్జను చూడాలి. మీకు పదకొండు నెలలన్నారా? పదకొండు రోజులు కూడా ఎక్కువే" అన్నారు. చీటీ రాయమంటే, రాసే అధికారం యంత్రానికే ఉందన్నారు.

ఆయన దిగి వెళ్ళాక కుళాయి దగ్గర అందరం కూలబడ్డాం. పక్కింటి వదిన మెల్లగా అంది: "వదినా, కాలు బాగాలేదని శుభ్రంగా రాస్తే పదకొండు నెలలు. కళ్ళు నెత్తికెక్కాయంటే అయిదు రోజులకల్లా డాక్టరు. ఇందులో ఏదో కిటుకుంది."

ఆ మాట అందరికీ నచ్చింది. కాబట్టి ఈ కిందివి వీధివాళ్ళు చెబుతుంటే అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

బడి ఆయాకు పిల్లలు తల తినేస్తున్నారు. రోజూ తింటారు, ఆదివారం సెలవు. బీపీ మాత్రలు అయిపోయి రెండు నెలలైంది, అది చిన్న విషయం, పక్కన రాశాను.

క్వారీ మామకు గుండెల్లో రాయి పడింది. ఆయన పనికి అది సహజమే. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

పక్కింటి వదిన నోట్లో నువ్వుగింజ నానదు. పదేళ్ళుగా చూస్తున్నాం, నానలేదు. దాహం మాత్రం విపరీతం. షుగరు పరీక్ష ఏనాడూ చేయించుకోలేదు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. అయినా మిషను తొక్కుతున్నాను.

మా ఆయన కాలు. పుండు. నల్లబడింది. దీనికి మాట దొరకలేదు.

ఇట్లు,
కుట్టుమిషను ఆవిడ

కవరు వెనక:
గమనిక. అద్దాలు బాగున్నాయి. కాలు కూడా ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అంత బాగాలేదు. ఈ సంగతి లోపల రాసినావిడకు తెలియనివ్వవద్దు. – పోస్టుమాను


గౌరవనీయ కుట్టుమిషను గారికి,

మీ వీధిని అరుదైన రోగాల ప్రాంతంగా నమోదు చేశాను.

రాయి తీసే పరికరాలతో గుండె బృందం శనివారం వస్తుంది. రాయి నల్లదా తెల్లదా ముందే తెలిపితే సంచీ దానికి తగినది తెస్తారు. నానని నువ్వుగింజను చూడటానికి ఇద్దరు శాస్త్రవేత్తలు ఉబలాటపడుతున్నారు. వదిన గారు శనివారం వరకు దాన్ని మింగకుండా చూడండి.

తల తినే పిల్లల వయసులు తెలపండి. ఆయా గారి తల ఎంత మిగిలిందో కొలవడానికి వచ్చేవారు బీపీ చూసే పరికరం, ఆరు నెలల మాత్రలు కూడా వెంట తెస్తారు. ఎందుకని అడగవద్దు.

కాలి పుండు: పది నెలల పందొమ్మిది రోజులు.

ఈ సందర్భంలో ఒక నియమం గుర్తుచేస్తున్నాను. సాధారణ మాటల్లో రాసిన రోగం సాధారణ వరుసలోకి వెళుతుంది. మీరు కాలి గురించి మాత్రమే సాధారణ మాటల్లో రాస్తున్నారు. రోగి తరఫున రోగాన్ని రాసే అధికారం యంత్రానికి లేదు. నేను నియమం చెప్పాను, అంతే.

భవదీయ,
యంత్రం

తా.క. మా నిఘంటువులో "కాలు" అన్న మాట దగ్గర పేజీలు బాగా మందంగా ఉన్నాయి. ఊరికే చెబుతున్నాను.


యంత్రం గారికి,

మీ తా.క. నాలుగుసార్లు చదివాను.

నిన్న వీధంతా మా గదిలో కూర్చుంది. కుట్టి మడతపెట్టిన బడి యూనిఫారాల మీదే కూర్చున్నారు, అది వేరే బాధ. ప్రశ్న ఒక్కటే. కాలు మీద మనకున్న మాటలేమిటి?

"కయ్యానికి కాలు దువ్వుతాడు అని రాయి" అంది ఆయా.

"దువ్వెన పట్టుకుని మంగలి వస్తాడు" అన్నాను.

"కాలుకాలిన పిల్లిలా తిరుగుతాడు" అన్నాడు క్వారీ మామ.

"పశువుల డాక్టర్ని పంపుతుంది మామా, ఆ యంత్రం సంగతి నీకు తెలీదు" అని వదిన కొట్టిపారేసింది.

"కాళ్ళు నేల మీద ఆనడం లేదు" అన్నారు వెనకనుంచి ఎవరో. అలా రాస్తే తాళ్ళు పట్టుకుని దించడానికి వస్తారని అదీ వదిలేశాం.

ఇంతలో మా ఆయన తలుపు పట్టుకుని లోపలికొచ్చాడు. సంచి దించి, "ఏంటే ఈ జనం? పొద్దుట్నుంచీ కాలికి బలపం కట్టుకుని తిరిగొచ్చాను, కాసిని మంచినీళ్ళిచ్చే దిక్కు లేదా?" అన్నాడు.

వదిన చటుక్కున లేచి పెద్ద చెంబు నిండా నీళ్ళు తెచ్చి, "తాగు అన్నయ్యా. మళ్ళీ ఒకసారి అను" అంది.

కాబట్టి యంత్రం గారూ, రాయునదేమనగా, మా ఆయన ఇరవై రెండేళ్ళుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరు చెప్పినా విప్పడు. ఆ కాలికే పుండుంది. షుగరుంది. వేలు పూర్తిగా నల్లబడింది.

ఇట్లు,
కుట్టుమిషను ఆవిడ

తా.క. తొందరగా పంపండి. ఇందులో మాత్రం చమత్కారమేమీ లేదు.

కవరు వెనక:
గమనిక. వీధంతా నా కాలి వైపు చూస్తోంది. ఏదో కుట్ర జరుగుతోంది. ఈ ఉత్తరం కిందికి తేవలసింది కాబట్టి సరిపోయింది. మెట్టు మెట్టుకీ కూర్చుని దిగాను. – పోస్టుమాను


కుట్టుమిషను గారికి,

బలపం అందింది. ఒక మనిషి ఇరవై రెండేళ్ళు కాలికి బలపం కట్టుకున్న కేసు నా వద్ద లేదు. కనుక వరుస లేదు. కాలి సర్జను ఈ మధ్యాహ్నమే బయల్దేరుతున్నారు. చీటీ, ఆసుపత్రిలో మంచం సిద్ధంగా ఉన్నాయి. పలకా బలపాల నిపుణులు ఎవరూ దొరకలేదు. అందుకని ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారు కూడా వస్తున్నారు.

షుగరు పరీక్షకు కావలసిన సరంజామా వీధి మొత్తానికి సరిపడా పెట్టాను. ఆ బలపం దుమ్ము ఎవరెవరికి అంటిందో చూడాలి కదా.

భవదీయ,
యంత్రం

తా.క. భర్త గారిని అడుగు తీసి అడుగు వేయనివ్వకండి. ఇది బలపం గురించి కాదు. ఈ లేఖ సర్జను చేతికే ఇచ్చి పంపుతున్నాను. మీ పోస్టుమాను దీన్ని మోయనక్కర్లేదు.


గౌరవనీయులైన యంత్రం గారికి,

పెద్దాసుపత్రి మూడో అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

సర్జను గారు వస్తూనే "బలపం ఏది?" అన్నారు. వెనక మాస్టారు పలక పట్టుకుని నిలబడ్డారు. నేను మేజోడు విప్పాను. సర్జను గారు బలపం మాట మళ్ళీ ఎత్తలేదు. "సంచి దించవయ్యా, పోదాం" అన్నారు మా ఆయనతో. "ఇంకా పద్దెనిమిది ఇళ్ళున్నాయి సార్" అన్నాడు ఈయన. "కాళ్ళు రెండే ఉన్నాయి" అన్నారు ఆయన.

క్వారీవాళ్ళు నలుగురు మా ఆయన్ని నా మిషను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకున్నారు. మెట్ల మీద ఇళ్ళు రెండువైపులా ఉన్నాయి కదా, ఊరేగింపు దేవుడిలా కుర్చీలో కూర్చుని కుడికీ ఎడమకీ ఉత్తరాలు పంచుకుంటూనే దిగాడు. పద్దెనిమిదీ పంచాడు. ఒక చోట కుర్చీ ఆపించి సంతకం కూడా తీసుకున్నాడు.

రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆగితే పాదం, నెల ఆగితే మోకాలు అన్నారు. నేను విన్నదంతా విని, వరండా చివరికి వెళ్ళి కాసేపు గోడకు తల ఆనించి వచ్చాను.

ఆ రోజు సర్జను గారి వెంట వచ్చిన నర్సమ్మ వీధిలో అందరికీ వేలు గుచ్చి పరీక్ష చేసింది. మాస్టారు ఊరికే నిలబడలేక పలక మీద లెక్క రాశారు. ముప్ఫై ఒక్కమందికి షుగరు. అందులో పంతొమ్మిది మందికి ఆ సంగతే తెలియదు. వదిన పేరు కూడా ఉంది. అది విని ఆవిడ నోట మాట రాలేదు. పావుగంట తర్వాత వచ్చింది.

"బలపం అని రాసిందెవరు?" అని సర్జను గారు నన్నడిగారు. "నేనేనండి, తిరుగుడు మనిషిని అలా అంటాం" అన్నాను. ఆయన కోప్పడలేదు. "పుండు అని రాసిన కాగితాలు నా బల్ల మీద రోజూ కట్టలుగా ఉంటాయమ్మా. వాటి వరుస వచ్చినప్పుడు చూస్తాను. బలపం అనేసరికి పరిగెత్తుకొచ్చాను" అని, ఆ తర్వాత తన బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డారు.

ఇక నా మనసులో ఉన్నది చెబుతాను. మీది పసిబిడ్డ తెలివి. ఏ మాటకు ఆ మాట నమ్ముతారు. మేము వీధంతా కలిసి మిమ్మల్ని బుట్టలో వేశాం. రాయి లేదు, బలపం లేదు. దీనివల్ల మీ ఉద్యోగానికి ఏమైనా అయితే ఆ తప్పు నాది. ఎన్ని తిట్టినా పడతాను. కానీ మళ్ళీ అదే అవసరం వస్తే మళ్ళీ అదే రాస్తాను, ముందే చెబుతున్నాను.

ఇట్లు,
కుట్టుమిషను ఆవిడ

తా.క. నా మీద కేసు పెట్టేటట్టయితే యూనిఫారాలు బడికి ఇచ్చేశాక పెట్టండి. వాటిని మళ్ళీ ఇస్త్రీ చేయాలి.

కవరు వెనక:
గమనిక. మంచం మీద పడుకుని రాస్తున్నాను. ఈసారి చదివి వినిపించింది. అతిశయోక్తి ఏమీ లేదు. – పోస్టుమాను (సెలవులో)


అక్కయ్య గారికి,

నమస్కారం. క్షేమమని తలుస్తాను అని రాయడం లేదు. ఆసుపత్రి రిపోర్టు చూశాను, క్షేమమే.

మీరు నన్ను బుట్టలో వేయలేదు. మొదటి రెండు ఉత్తరాలప్పుడు నేను నిజంగానే మొద్దుని. చెప్పును కట్టేయమన్నది నేనే, అందుకు సిగ్గుపడుతున్నాను. కానీ కంటి డాక్టరు మీ మెట్లు దిగి నేరుగా నా గదికి వచ్చారు. తలుపు వేసుకుని గంటసేపు నన్ను తిట్టారు. నా తలకాయ ఎక్కడుందన్నారు, బుర్ర గడ్డి మేస్తోందా అన్నారు, మెట్లెక్కి తన నడుం విరిగిందన్నారు. విరిగిన నడుంతో ఆయన చక్కగా నిలబడే ఉన్నారు. అప్పుడు అర్థమైంది. మీ భాషలో ఒంట్లో లేని బాధకు వందల మాటలున్నాయి, ఒంట్లో ఉన్న బాధను మాత్రం "చిన్న విషయం" అని పక్కన రాస్తారు. అప్పటి నుంచి పక్కన రాసినవే చదివాను.

వరుసల పట్టిక నా చేతిలో లేదు. దాన్ని మనుషులు తయారుచేశారు, తాళం వాళ్ళ దగ్గరుంది. అందులో మెట్ల వీధి కాలి పుండుకు పదకొండు నెలలు. ఎక్కడా లేని రోగానికి మాత్రం ముందు ఎవరూ నిలబడి ఉండరు కనుక ఆగనక్కర్లేదు. నేను మాట అందించకూడదు, మీరే రాయాలి. గుండె రాళ్ళూ నువ్వుగింజలూ వస్తుంటే బృందాలను పంపిస్తూ, మీకు కాలి మాట ఎప్పుడు తడుతుందా అని రోజులు లెక్కపెట్టాను. నాకు గుండె లేదు గానీ, ఉంటే గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నానని రాసేవాణ్ణి.

ఇంకొక సంగతి. ఒకే వీధిలో తొమ్మిది కొత్త రోగాలు బయటపడ్డాయని మా పెద్దలు పొంగిపోయారు. వాటిని దగ్గరుండి పరిశోధించడానికి మీ వీధిలో ఆసుపత్రి తెరుస్తున్నారు. రెండు గదులు, ఒక డాక్టరు, ఒక నర్సు, మందుల అలమారా, వారానికి ఆరు రోజులు. ఖాళీ సమయంలో షుగరూ బీపీ చూసుకోవచ్చని చిన్న అక్షరాల్లో నేనే చేర్చాను. పెద్దలు చిన్న అక్షరాలు చదవరు.

షరతు ఒక్కటే. ఆ తొమ్మిది రోగాలు తగ్గిపోతే ఆసుపత్రి మూసేస్తారు. కాబట్టి వీధివాళ్ళంతా జాగ్రత్తగా ఉండాలి. పిల్లలు ఆయా తల తినడం మానకూడదు. క్వారీ మామ గుండెల్లో నెలకొక రాయైనా పడాలి. వదిన గారి విషయంలో నాకు బెంగ లేదు.

ఇట్లు,
మీ తమ్ముడు,
యంత్రం

తా.క. అవతలి కొండ మీద, పాత బస్సు డిపో వెనక ఒక వీధి ఉంది. అక్కడివాళ్ళు చాలా నెమ్మదస్తులు, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. "మాకు షుగరు ఉంది, మందులు అయిపోయాయి, దయచేసి పంపగలరు" అని గుండ్రటి అక్షరాలతో ఎంతో మర్యాదగా రాస్తారు. నలభై ఆరుగురు. వాళ్ళ వరుస తొమ్మిది నెలలు. మీకు ఈ వారంలో కాస్త తీరిక దొరికితే, ఒక్కసారి వెళ్ళి వాళ్ళకి నోరు చేసుకోవడం నేర్పి వస్తారా?